సైకిల్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు: లోపాన్ని గుర్తించడం, సరిచేయడం, కాపాడుకోవడం

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు సరిగా పట్టడం లేదనగానే చాలామంది ముందు ఆయిల్‌నే అనుమానిస్తారు. బ్లీడింగ్ కిట్ (ఆయిల్ మార్గంలోని గాలిని తీసే పనిముట్లు) కొని, మరలు విప్పి, సగం పని అయ్యాక ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయిన సంగతి చూస్తారు. ఈ బ్రేకులు పెట్టే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆయిల్ జోలికి వెళ్లకుండానే తీరిపోతాయి. డిస్కుకు అంటిన జిడ్డు, పక్కకు జరిగిన క్యాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లనూ పిస్టన్లనూ పట్టి ఉంచే భాగం), అరిగిన ప్యాడ్లు, మురికి పట్టి బిగుసుకున్న పిస్టన్లు, ఇవే మామూలు కారణాలు. కాబట్టి పరీక్ష ఎప్పుడూ బయటి నుంచి లోపలికి సాగాలి. బయట కనిపించేవన్నీ ఒక్కొక్కటిగా చూసి సరిచేశాక కూడా లోపం మిగిలి ఉంటేనే ఆయిల్ మార్గాన్ని తెరవాలి. ఒకసారి తెరిచామంటే గాలి చొరబడడానికీ, ప్యాడ్ల మీద ఆయిల్ పడడానికీ మనమే అవకాశం ఇచ్చినట్లవుతుంది.

మన దగ్గర అమ్ముడయ్యే ఎంటీబీ (మౌంటెన్ బైక్), హైబ్రిడ్ సైకిళ్లలో తరచుగా కనిపించే షిమానో ఎంటీ200 తరహా బ్రేకును దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. మిగతా కంపెనీల బ్రేకులు ఎక్కడ భిన్నంగా ఉంటాయో ఆయా చోట్ల చెబుతాను.

లోపల జరిగేది ఏమిటి

లివర్ నొక్కినప్పుడు దానిలోనే ఉండే మాస్టర్ సిలిండర్‌లోని చిన్న పిస్టన్ కదిలి, ఆయిల్‌ను సన్నని గొట్టం గుండా క్యాలిపర్‌లోకి నెడుతుంది. ద్రవం దాదాపుగా కుదించుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడి క్యాలిపర్‌లోని రెండు పిస్టన్లకు చేరి, అవి చెరో వైపు నుంచి ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. మార్గంలో ఎక్కడైనా గాలి ఉంటే మన వేళ్ల బలంలో కొంత ఆ గాలిని కుదించడానికే సరిపోతుంది. లివర్ మెత్తగా, స్పాంజిని నొక్కినట్లు అనిపించడానికి కారణం ఇదే.

క్యాలిపర్‌లోని ప్రతి పిస్టన్ చుట్టూ, అడ్డంగా కోస్తే చదరంగా కనిపించే రబ్బరు సీల్ ఒకటి ఉంటుంది. దీని పని ఆయిల్‌ను ఆపడంతో ముగిసిపోదు. పిస్టన్ ముందుకు వచ్చేటప్పుడు సీల్ కూడా దానితో కొద్దిగా వంగుతుంది. లివర్ వదలగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాక్కుంటుంది. ప్యాడ్ అరిగినప్పుడు పిస్టన్ ఇంకాస్త ముందుకు రావాల్సి వస్తుంది, అప్పుడు అది సీల్ మీద జారి కొత్త చోట నిలుస్తుంది, ఆ మేరకు లివర్ దగ్గరి రిజర్వాయర్ (ఆయిల్ నిల్వ ఉండే గది) నుంచి ఆయిల్ దిగుతుంది. కేబుల్ బ్రేకుల్లో తరచుగా చేసే బిగింపు ఇక్కడ అవసరం లేకపోవడానికి కారణం ఇదే. చక్రం తీసి ఉంచినప్పుడు లివర్ నొక్కకూడదన్న నియమం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. మధ్యలో డిస్కు లేకపోతే పిస్టన్లు అడ్డూ ఆపూ లేకుండా ముందుకు వచ్చేస్తాయి, ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, చక్రం తిరిగి ఎక్కదు.

ఏ ఆయిల్ అన్నది ముందే తేల్చుకోవాలి

బ్రేకును ముట్టుకునే ముందే తెలుసుకోవాల్సిన విషయం ఇది. సైకిల్ బ్రేకుల్లో రెండు జాతుల ద్రవాలు వాడుకలో ఉన్నాయి. షిమానో, టెక్‌ట్రో, మగురా బ్రేకులు మినరల్ ఆయిల్‌తో పనిచేస్తాయి. హోప్ బ్రేకులకూ, స్రామ్ బ్రేకుల్లో చాలావాటికీ డాట్ ద్రవం కావాలి. అయితే స్రామ్ కంపెనీయే డీబీ8, మేవెన్ అనే బ్రేకులను మినరల్ ఆయిల్‌తో తయారు చేసింది కనుక కంపెనీ పేరు చూసి నిర్ణయించడం ప్రమాదం. లివర్ మీద లేదా రిజర్వాయర్ మూత మీద ఏ ద్రవం వాడాలో ముద్రించి ఉంటుంది, దాన్నే నమ్మాలి.

ఈ రెండింటినీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్లు డాట్ ద్రవంలో ఉబ్బిపోతాయి. డాట్ కోసం చేసినవి మినరల్ ఆయిల్‌లో పాడవుతాయి. ఇంట్లో మోటార్ సైకిల్ కోసం తెచ్చిన బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటుంది, అది డాట్ జాతిది, దాన్ని షిమానో బ్రేకులో పోస్తే ఆ బ్రేకును దాదాపుగా పోగొట్టుకున్నట్టే. పొరపాటున పోసిన తరువాత కడిగి సరైన ఆయిల్ నింపినా, ఉబ్బిన సీళ్లు మామూలు స్థితికి వస్తాయన్న భరోసా లేదు. కుట్టు మిషన్ నూనె, బేబీ ఆయిల్ వంటివి పోయమని కొందరు సలహా ఇస్తారు. ప్రాణం ఆధారపడే భాగంలో అలాంటి ప్రయోగం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

డాట్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 5.1 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 260 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరిన ద్రవానికి ఆ హద్దు 180 డిగ్రీలకు పడిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డాట్ బ్రేకులున్నవారు ఏడాదికోసారి ద్రవం మార్చుకోవడం మంచిది. సీల్ తీసిన డబ్బాను నెలల తరబడి దాచి మళ్లీ వాడకూడదు. పేరులో పోలిక ఉన్నా డాట్ 5 అనేది సిలికాన్‌తో చేసిన వేరే ద్రవం, దాన్ని 5.1కు బదులు వాడకూడదు. డాట్ ద్రవం పెయింటును తినేస్తుంది. ఫ్రేము మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, పని చేసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. మినరల్ ఆయిల్ తేమను పీల్చదు, చర్మానికీ పెయింటుకూ అంత హాని చేయదు. అది రంగు మారి మురికిగా కనిపించినప్పుడు మార్చుకుంటే చాలు.

శబ్దం వస్తే

శబ్దాలు రెండు రకాలు. బ్రేకు వేయకపోయినా చక్రం తిరుగుతున్నంతసేపూ వినిపించే రాపిడి ఒకటి, బ్రేకు వేసినప్పుడు మాత్రమే వచ్చే కీచు శబ్దం రెండవది. వీటి కారణాలు వేరు, మందులూ వేరు.

రాపిడి శబ్దం వస్తున్నప్పుడు ముందు చక్రం తన గాడిలో సరిగా కూర్చుందో లేదో చూడాలి. క్విక్ రిలీజ్ (చక్రాన్ని చేత్తోనే వదులు చేసి బిగించే పిడి) ఉన్న సైకిళ్లలో చక్రం రవ్వంత వాలుగా బిగిసినా డిస్కు ఒక ప్యాడ్‌కు తగులుతుంది. సైకిల్‌ను నేల మీద నిలబెట్టి, క్విక్ రిలీజ్ వదులు చేసి, పై నుంచి బరువు వేసి మళ్లీ బిగిస్తే చాలాసార్లు ఇంతటితోనే శబ్దం పోతుంది.

పోకపోతే క్యాలిపర్‌ను మధ్యకు తేవాలి. దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టులను క్యాలిపర్ అటూ ఇటూ కదిలేంత వరకు మాత్రమే వదులు చేయాలి. తరువాత లివర్‌ను గట్టిగా నొక్కి పట్టుకుంటే ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి, క్యాలిపర్ దానంతట అదే మధ్యకు సర్దుకుంటుంది. లివర్ వదలకుండానే రెండు బోల్టులను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. షిమానో క్యాలిపర్‌కు ఈ బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు (బోల్టును ఎంత బలంగా తిప్పాలో చెప్పే కొలత) ఉండాలి. చివరి బిగింపులో బోల్టు తిరుగుతూ తనతో పాటు క్యాలిపర్‌ను కూడా కొద్దిగా లాగేస్తుంది, ఈ పద్ధతిలో ఉన్న లోపం అదే. అలా జరిగినప్పుడు కంటితో సరిచేసుకోవాలి. క్యాలిపర్ కింద ఒక తెల్ల కాగితం పెట్టి, దాని మీద టార్చి వెలుగు వేసి, పై నుంచి డిస్కు అంచు మీదుగా చూస్తే డిస్కుకు రెండు వైపులా రెండు సన్నని తెల్లగీతలు కనిపిస్తాయి. ఏ వైపు గీత మాయమైందో ఆ వైపు ప్యాడ్ తగులుతోందన్నమాట. బోల్టు కొద్దిగా వదులు చేసి, బొటనవేలితో క్యాలిపర్‌ను వెంట్రుకవాసి జరిపి, రెండు గీతలూ సమానంగా కనిపించే చోట బిగించాలి.

చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒక్క చోట మాత్రమే శబ్దం వస్తూ ఉంటే డిస్కు వంగిందని అర్థం. ఆ చోటును పెన్సిల్‌తో గుర్తించి, డిస్కు సరిచేసే పనిముట్టుతోగానీ, శుభ్రమైన గుడ్డ చుట్టిన రెంచితోగానీ చాలా మెల్లగా వ్యతిరేక దిశలో వంచి, మళ్లీ తిప్పి చూడాలి. ఒకేసారి ఎక్కువ బలం వాడితే వంకర ఇంకో వైపుకు తిరుగుతుంది. ఈ పని చేసేటప్పుడు తిరుగుతున్న డిస్కులోని రంధ్రాల దగ్గరకు వేళ్లు పోకూడదు, అవి వేళ్లను తెగ్గొట్టగలవు. వాలు రోడ్డు దిగి అప్పుడే వచ్చిన సైకిల్ డిస్కు చర్మం కాలేంత వేడిగా ఉంటుందన్నది కూడా మరవకూడదు. పిల్లలున్న ఇళ్లలో ఈ రెండు జాగ్రత్తలూ ముందుగా వాళ్లకు చెప్పాలి.

ఇక కీచు శబ్దం సంగతి. వర్షంలో తడిసిన బ్రేకు కాసేపు అరుస్తుంది, నీళ్లు ఆరాక ఆగుతుంది. దాని గురించి చేయాల్సిందేమీ లేదు. పొడి వాతావరణంలోనూ అరుస్తూ, దానికి తోడు పట్టు కూడా తగ్గితే డిస్కుకూ ప్యాడ్లకూ జిడ్డు అంటిందని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. ఆ జిడ్డు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చైనుకు స్ప్రే కొట్టినప్పుడు ఎగిరిన తుంపర, షాపులో మెరుపు కోసం ఫ్రేమంతా కొట్టిన సిలికాన్ స్ప్రే, ప్యాడ్ మార్చేటప్పుడు తగిలిన వేలి ముద్ర, వాన నీటితో రోడ్డు మీద తేలే ఇంజిన్ ఆయిల్, వీటిలో ఏదైనా సరిపోతుంది. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు డిస్క్ బ్రేకున్న సైకిల్ దగ్గర వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. చైనుకు చుక్కలుగా వేసే నూనె వాడి, మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేస్తే ఈ బెడద సగానికి సగం తగ్గుతుంది.

డిస్కును శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని శుభ్రమైన గుడ్డ ఉంటే చాలు. గుడ్డ మడతను మారుస్తూ, నల్లమరక రాకుండా పోయేదాకా రెండు వైపులా తుడవాలి. ప్యాడ్ల విషయం అంత సులువు కాదు. వాటి పైపొరకు మాత్రమే జిడ్డు అంటితే చదునైన చోట సన్న గరుకు కాగితం పరిచి, ప్యాడ్‌ను దాని మీద వలయాకారంగా రుద్ది పైపొర తీసి, ఆల్కహాల్‌తో తుడిచి చూడవచ్చు. నూనె లోపలికి ఇంకిపోయిన ప్యాడ్ మాత్రం బాగుపడదు. గ్యాస్ పొయ్యి మీద కాల్చితే నూనె మండిపోతుందని కొందరు చేస్తుంటారు. ఆ వేడికి ప్యాడ్ పదార్థం దాని లోహపు పలక నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నేను దాన్ని సమర్థించను. కొత్త ప్యాడ్ల జత కొనడమే సరైన పని. ముందు జిడ్డు వచ్చిన మూలాన్ని కనిపెట్టి ఆపకపోతే కొత్త ప్యాడ్లు కూడా వారంలో అదే దారి పడతాయి. క్యాలిపర్ సీల్ నుంచి ఆయిల్ ఊరుతున్నప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

ప్యాడ్‌ను వెలుతురులో వాలుగా పట్టి చూస్తే మరో లోపం కూడా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ప్యాడ్ ముఖం మసకగా, కాస్త గరుకుగా ఉంటుంది; విపరీతమైన వేడికి గురైన ప్యాడ్ ముఖం అద్దంలా నిగనిగలాడుతుంది, గోరుతో గీస్తే జారిపోతుంది. ఆ మెరుపు పొరను గరుకు కాగితంతో తీసేసి, కింద చెప్పే విధంగా మళ్లీ కుదురుస్తే పట్టు తిరిగి వస్తుంది. అరుపు తగ్గకపోతే క్యాలిపర్ బోల్టులు, డిస్కును హబ్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులుగా ఉన్నాయేమో చూడాలి. ఆరు బోల్టుల డిస్కుకు షిమానో 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, స్రామ్ 6.2 న్యూటన్ మీటర్లు చెబుతాయి. సెంటర్‌లాక్ డిస్కు (ఆరు బోల్టులకు బదులు ఒకే రింగుతో బిగించేది) రింగుకు 40 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి.

ప్యాడ్లు, పిస్టన్లు, డిస్కు

షిమానో ప్యాడ్ మీది రాపిడి పదార్థం మందం 0.5 మిల్లీమీటర్లకు చేరితే మార్చేయాలి. స్రామ్ కంపెనీ లోహపు పలకతో కలిపి 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మార్చమంటుంది. డిస్కులు కూడా అరుగుతాయన్న సంగతి చాలామందికి తట్టదు. షిమానో డిస్కు కొత్తగా ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.5కు తగ్గితే తీసేయాలి. మగురా డిస్కు 2 మిల్లీమీటర్లతో మొదలై 1.8 దగ్గరే ఆగిపోవాలి. అంటే ఒక కంపెనీ కొలత ఇంకో కంపెనీకి పనికిరాదు, డిస్కు మీద చెక్కిన కనీస మందాన్ని చదివి వెర్నియర్‌తో (మందం కొలిచే పనిముట్టు) కొలవాలి.

ప్యాడ్లలో రెసిన్ రకం, మెటల్ రకం అని రెండున్నాయి. రెసిన్ ప్యాడ్ నిశ్శబ్దంగా, మొదటి నొక్కులోనే పడుతుంది, కానీ బురదలోనూ వర్షంలోనూ తొందరగా అరుగుతుంది, ఎక్కువ వేడికి పట్టు తగ్గుతుంది. మెటల్ ప్యాడ్ ఎక్కువకాలం మన్నుతుంది, వేడిని తట్టుకుంటుంది, కాస్త శబ్దం చేస్తుంది. చవక డిస్కుల మీద రెసిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని రాసి ఉంటుంది. ఆ డిస్కు లోహం మెత్తగా ఉంటుంది కాబట్టి మెటల్ ప్యాడ్ దాన్ని వేగంగా తినేస్తుంది. ఎంటీ200 బ్రేకుతో వచ్చే డిస్కులు ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. షాపువాళ్లు మంచిదని ఇచ్చినా సరే, డిస్కు మీది అక్షరాలు చదవకుండా మెటల్ ప్యాడ్లు వేయించుకోవద్దు.

ప్యాడ్లు మార్చడానికి చక్రం తీసి, ప్యాడ్లను పట్టి ఉంచే చీలిక పిన్ను కొసలను నిటారుగా చేసి బయటకు లాగాలి. ఖరీదైన నమూనాల్లో దాని బదులు మరబోల్టు, దాన్ని ఆపే చిన్న క్లిప్పు ఉంటాయి. పాత ప్యాడ్లు, వాటి మధ్యనున్న స్ప్రింగు కలిసే బయటకు వస్తాయి. స్ప్రింగు ఎటు తిరిగి ఉందో తీసేముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి అమర్చేటప్పుడు తికమక ఉండదు. ప్యాడ్ల ధూళిని నోటితో ఊదకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతో తుడవాలి.

ఇక్కడే తొందరపడకూడని పని ఒకటుంది. ప్యాడ్లు అరిగిన మేరకు పిస్టన్లు బయటకు వచ్చి ఉంటాయి, వాటి పక్కలకు నల్లని ధూళి పేరుకుని ఉంటుంది. అలాగే లోపలికి నెట్టేస్తే ఆ మురికి సీల్ దాకా చేరి దాన్ని గీరుతుంది. కాబట్టి ముందు ఆల్కహాల్‌లో ముంచిన కాటన్ పుల్లతో పిస్టన్ చుట్టూ శుభ్రం చేసి, ఆ తరువాతే ప్లాస్టిక్ టైర్ లివర్‌తో (టైరు ఊడదీసే పుల్ల) నిదానంగా, నిటారుగా లోపలికి నెట్టాలి. స్క్రూడ్రైవర్ వాడకూడదు. చాలా క్యాలిపర్లలో పిస్టన్లు సిరామిక్ లేదా ప్లాస్టిక్ వంటి పదార్థంతో చేసినవి కనుక ఉక్కు అంచు తగిలితే చిట్లుతాయి.

రెండు పిస్టన్లలో ఒకటి చురుకుగా, రెండోది బద్ధకంగా కదిలితే డిస్కు ఒక వైపుకే వంగుతూ ఉంటుంది, ఎన్నిసార్లు క్యాలిపర్ సరిచేసినా రాపిడి తిరిగి వస్తుంది. ప్యాడ్లు తీసి, చురుకైన పిస్టన్‌ను టైర్ లివర్‌తో కదలకుండా ఆపి, చేతి లివర్‌ను చాలా మెల్లగా నొక్కితే బద్ధకపు పిస్టన్ రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. అంతకంటే ఎక్కువ రానివ్వకూడదు, పిస్టన్ పూర్తిగా ఊడితే ఆయిల్ మొత్తం కారిపోతుంది. బయటకు వచ్చిన పక్కభాగాన్ని శుభ్రం చేసి, అదే జాతి బ్రేక్ ఆయిల్‌ను కాటన్ పుల్లతో పలచగా పూసి, లోపలికి నెట్టి, మళ్లీ బయటకు రప్పించాలి. ఇలా కొన్నిసార్లు చేస్తే సీల్ మళ్లీ తడిసి, రెండు పిస్టన్లూ ఒకే వేగంతో కదలడం కంటికే కనిపిస్తుంది. ప్యాడ్లు పెట్టేముందు ఆ ఆయిల్ ఆనవాలు లేకుండా తుడిచేయాలి.

కొత్త ప్యాడ్లు గానీ కొత్త డిస్కు గానీ వేశాక వాటిని కుదుర్చుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఒక మోస్తరు వేగం అందుకుని, సీటు మీద కూర్చునే, చక్రం ఆగిపోకుండా, నడక వేగం వచ్చేదాకా నిలకడగా బ్రేకు వేసి వదలాలి. ఒక్కొక్క బ్రేకుకు విడిగా దాదాపు 20 సార్లు, ఆ తరువాత ఇంకాస్త వేగంతో మరో 10 సార్లు ఇలా చేయాలి. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలచని పొరగా పరుచుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది. ఈ పని చేయకుండా కొత్త ప్యాడ్లు బాగాలేవని తిట్టుకునేవారు చాలామంది ఉన్నారు.

లివర్ మెత్తబడితే, హ్యాండిల్ దాకా వస్తే

పైన చెప్పినవన్నీ సరిగా ఉండి కూడా లివర్ మెత్తగా అనిపిస్తే అప్పుడు ఆయిల్ గురించి ఆలోచించాలి. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పంక్చర్ వేసిన తరువాత ఈ లక్షణం కనిపించి ఉంటే కంగారు పడనక్కరలేదు. రిజర్వాయర్‌లో పైన ఉండే కొద్దిపాటి గాలి గొట్టంలోకి జారి ఉంటుంది. సైకిల్‌ను నిటారుగా నిలబెట్టి లివర్‌ను మెల్లగా పదే పదే నొక్కితే బుడగ పైకి వెళ్లిపోతుంది. రాత్రంతా లివర్‌ను రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కు కట్టి ఉంచడం కూడా చిన్న బుడగలకు ఉపయోగపడుతుంది గానీ, దాన్ని తాత్కాలిక ఉపాయంగానే చూడాలి.

లివర్‌ను గట్టిగా నొక్కి అలాగే పట్టుకున్నప్పుడు అది మెల్లమెల్లగా హ్యాండిల్ వైపు దిగిపోతూ ఉంటే ఆయిల్ ఎక్కడో కారుతోందని గానీ, మాస్టర్ సిలిండర్ సీల్ పాడైందని గానీ అనుమానించాలి. గొట్టం రెండు కొసల బిగింపుల దగ్గర, క్యాలిపర్ చుట్టూ, లివర్ కింద తెల్ల కాగితపు రుమాలుతో అద్ది చూస్తే తడి ఎక్కడుందో తెలుస్తుంది. రెండు మూడు సార్లు నొక్కితే గట్టిపడి, కాసేపు వదిలేస్తే మళ్లీ మెత్తబడే లివర్‌లో గాలి ఉన్నట్లు లెక్క.

గాలి తీసే పద్ధతిని షిమానో బ్రేకుకు వర్తించేలా చెబుతాను. చక్రం, ప్యాడ్లు రెండూ తీసి దూరంగా, వేరే గదిలో పెట్టాలి. పిస్టన్లను శుభ్రం చేసి పూర్తిగా లోపలికి నెట్టి, వాటి మధ్య బ్లీడింగ్ కోసం వచ్చే పసుపు రంగు ప్లాస్టిక్ ముక్కను అమర్చాలి. లివర్ బిగింపును వదులు చేసి, దాని పైభాగం నేలకు సమాంతరంగా వచ్చేలా తిప్పాలి. లివర్ మీది చిన్న మరను, చాలా నమూనాల్లో 2.5 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో, విప్పి దాని రబ్బరు వలయంతో సహా జాగ్రత్తపరచి, ఆ స్థానంలో గరాటు బిగించాలి.

క్యాలిపర్ దగ్గర బ్లీడ్ నిపుల్‌కు (ఆయిల్, గాలి పోయేందుకు తెరిచే చిన్న మర) నమూనాను బట్టి 7 లేదా 8 మిల్లీమీటర్ల రింగ్ స్పానర్ తగిలించి, ఆయిల్ నింపిన సిరంజి గొట్టాన్ని దానికి తొడగాలి. సిరంజిలో, దాని గొట్టంలో గాలి లేకుండా ముందే చూసుకోవాలి. నిపుల్‌ను చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తెరిచి, గొట్టాన్ని చేత్తో పట్టుకుని, సిరంజిని మెల్లగా నొక్కితే పాత ఆయిల్, దానితో పాటు బుడగలు పై గరాటులోకి వస్తాయి. మొదట కందిగింజంత బుడగలు, తరువాత ఆవగింజంతవి, ఆఖరికి సూదిమొనంత సన్నని బుడగల దారం కనిపిస్తుంది. ఆ దారం కూడా ఆగిపోయాక నిపుల్ మూసేయాలి. ఈ దశలో లివర్‌ను పదే పదే నొక్కితే బుడగలు ఆయిల్‌లో కలిసిపోతాయి కాబట్టి ఓపిక పట్టాలి.

తరువాత సిరంజి తీసి, నిపుల్‌కు ఒక పారదర్శక గొట్టం, దాని కొసకు చిన్న సంచి తగిలించి, నిపుల్ తెరిస్తే గరాటులోని ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగుతూ క్యాలిపర్‌లో మిగిలిన గాలిని తీసుకుపోతుంది. గరాటు ఖాళీ కాకుండా పోస్తూనే ఉండాలి, ఒక్కసారి ఖాళీ అయితే పని మొదటికి వస్తుంది. క్యాలిపర్‌ను, గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తేలికగా తడుతూ ఉంటే అంటుకున్న బుడగలు కదులుతాయి. నిపుల్ మూసి, లివర్ నొక్కి పట్టుకుని, నిపుల్‌ను అర సెకను పాటు తెరిచి మూయడం రెండు మూడు సార్లు చేస్తే చివరి గాలి కూడా తోసుకుపోతుంది. ఆ తరువాత నిపుల్‌ను 4 నుంచి 6 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

లివర్‌లో ఇంకా కొంత గాలి నక్కి ఉంటుంది. లివర్‌ను సమాంతర స్థితి నుంచి సుమారు 30 డిగ్రీలు కిందికి, తరువాత 30 డిగ్రీలు పైకి వాల్చి, ప్రతి స్థితిలోనూ పదిసార్లు నొక్కి వదిలితే గరాటులో మరికొన్ని బుడగలు తేలుతాయి. అవి రావడం ఆగి, లివర్ గట్టిగా తగిలితే, గరాటులో మూతకడ్డీ పెట్టి గరాటును తీసేసి, అంచు దాకా నిండి పొర్లుతున్న ఆయిల్‌లోకే మరను రబ్బరు వలయంతో బిగించాలి. ఆ మరకు చాలా తేలికపాటి బిగింపు చాలు, బలం వాడితే దాని దారాలు చెడిపోతాయి. అంతా ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ప్యాడ్లు, చక్రం ముట్టుకోవాలి. పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా సీసాలో పట్టి, వాడిన ఇంజిన్ ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వాలి.

డాట్ బ్రేకులకు సాధారణంగా పైనా కిందా రెండు సిరంజిలు వాడే వేరే పద్ధతి ఉంటుంది. వాటికి ఆ కంపెనీ కిట్‌నే వాడాలి. మినరల్ ఆయిల్ వాడిన సిరంజిని డాట్‌కు, డాట్‌ది మినరల్‌కు వాడకూడదు.

ఘాట్ రోడ్లు, వర్షం, సముద్రపు గాలి

అరకు నుంచి శృంగవరపుకోట వైపు అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు లాంటి సుదీర్ఘమైన దిగుడు దారుల్లో బ్రేకును మొదటి నుంచి చివరి దాకా కొద్దిగా నొక్కి పట్టుకోవడం చాలామందికి అలవాటు. దానివల్ల డిస్కుకు చల్లబడే వ్యవధి దొరకదు, ప్యాడ్ పట్టు తగ్గుతుంది, వేడి ఆయిల్‌కు చేరుతుంది. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించుకుని, మలుపులో వదిలేస్తూ దిగితే బ్రేకులకు విరామం దొరుకుతుంది. లివర్ అకస్మాత్తుగా లోతుకు దిగినా, కాలిన వాసన వచ్చినా రోడ్డు పక్కన ఆగి, డిస్కును గాలికి చల్లారనివ్వాలి. దాని మీద నీళ్లు పోస్తే డిస్కు వంగిపోవచ్చు. బరువైన సామానుతో తరచుగా ఘాట్లు దిగేవారు 160 మిల్లీమీటర్ల డిస్కు బదులు 180 మిల్లీమీటర్లది వేయించుకోవచ్చు, అయితే ఫోర్కు, ఫ్రేము ఎంత పెద్ద డిస్కును అనుమతిస్తాయో ముందు తెలుసుకోవాలి.

వానాకాలంలో మట్టిదారి మీద తిరిగితే ప్యాడ్లు ఎండాకాలంలో కంటే ఎంతో తొందరగా అరుగుతాయి, వారానికోసారైనా టార్చి వేసి మందం చూడాలి. సైకిల్ కడిగేటప్పుడు ప్రెషర్ పైపును క్యాలిపర్ మీద, లివర్ మీద నేరుగా కొట్టకూడదు. సముద్ర తీరంలో ఉండేవారు మంచినీళ్లతో ఉప్పును కడిగేయడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే క్యాలిపర్ బోల్టులు తుప్పుపట్టి, విప్పవలసిన రోజున తలలు అరిగిపోతాయి. రైల్లో గానీ విమానంలో గానీ సైకిల్ తీసుకెళ్లడానికి చక్రాలు విప్పితే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క తప్పక పెట్టాలి. అది లేకపోతే మడిచిన అట్టముక్క అయినా సరిపోతుంది.

గొట్టం చిట్లినా, పిస్టన్ పగిలినా, లివర్ లోపలి సీల్ పోయినా ఇంట్లో మరమ్మతు పెట్టుకోకుండా హైడ్రాలిక్ బ్రేకుల పని తెలిసిన మెకానిక్ దగ్గరకు వెళ్లాలి. అక్కడ కూడా ఏ ఆయిల్ పోస్తున్నారో అడిగి, డబ్బా మీది పేరును లివర్ మీది పేరుతో సరిచూసుకోవాలి. ఆయిల్ కారుతున్న సైకిల్‌ను షాపు దాకా తొక్కుతూ పోకూడదు, పక్కన నడుస్తూ నెట్టుకుపోవాలి.